రివర్స్ గేరు మాహాత్మ్యం

కారుకు ముందుకు పోయే గేర్లు ఐదు, వెనక్కి పోయేది ఒక్కటి! ఇంత అన్యాయం ఇంకెక్కడైనా చూశారా?

కారు తయారుచేసే ఆ మహానుభావులు జహీరాబాదులో ఒక్క నెల కాపురం ఉంటే ఈ లెక్కను తిరగరాసేవాళ్ళు. వెనక్కి ఐదు, ముందుకు ఒకటి. ఆ ఒక్కటి కూడా ఎందుకంటే, అమావాస్యకు ఝరాసంగం గుడికి పోయి రావాలి కాబట్టి!

నవ్వకండి. ఈ కలికాలంలో మనిషికి అణకువ నేర్పేది, ఇరుగుపొరుగును కలిపేది, దేవుణ్ణి గుర్తు చేసేది రివర్స్ గేరు ఒక్కటే. నమ్మకపోతే గిర్నీ గల్లీకి వచ్చి ఒక పొద్దున నిలబడి చూడండి. నిలబడటానికి జాగా దొరికితే!

రోడ్డు మీద జొన్నలు పట్టే గిర్నీ ఉంది కదా, దాని పక్క నుంచి లోపలికి పోయేదే గిర్నీ గల్లీ. ఆ గిర్నీ జగదీశ్‌ది. ఇల్లు కూడా అదే గల్లీలో, చిట్టచివర. అక్కడితో దారి బంద్. గల్లీని సీసా అనుకుంటే గిర్నీ దాని మూతి, జగదీశ్ ఇల్లు దాని అడుగు.

జగదీశ్ దైవభక్తి గల మనిషి. నుదుట విభూతి పెట్టుకోనిదే టీ ముట్టడు. చదువు పదో తరగతితో ఆపేశాడు గాని ప్రశ్నలు ఆపలేదు. ఏది విన్నా "గట్లెందుకు?" అంటాడు. ఎవరినీ నొప్పించేటట్టు కాదు. జవాబు తెలిస్తే బాగుండునన్నట్టు, మెల్లగా.

పోయిన దసరాకు ఆయన కారు కొన్నాడు. ఇంటి ముందర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. హారతి అయింది. బండి కదిలించమన్నారు. ఎటు కదిలిస్తాడు? ముందర గోడ! కాబట్టి లోకమంతా నిమ్మకాయలను ముందుకు పోయి తొక్కితే, జగదీశ్ కారు వెనక్కి పోయి తొక్కింది.

"అయ్యగారూ, గిట్ల తొక్కితే లెక్కలకొస్తదా?" అని అడిగాడు జగదీశ్.

"నిమ్మకాయకు ముందూ వెనకా ఉంటదా నాయనా?" అన్నాడు అయ్యగారు సంభావన జేబులో పెట్టుకుంటూ.

ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో రివర్స్ గేరుకు దైవబలం వచ్చేసింది.

చూడండి, ఇంటి నుంచి గిర్నీకి కారులో పోవాలంటే ఏం చేయాలి? రివర్స్ గేరు వేయాలి. గల్లీ పొడుగునా వెనక్కి రావాలి. కారు గల్లీ మూతి దాటిందంటే గిర్నీ వచ్చేసినట్టే, దిగాలి. సాయంత్రం కారెక్కితే ముక్కుసూటిగా ఇల్లు. అంటే ఈ మనిషి రోజూ పనికి వెనక్కి పోతాడు, ఇంటికి మాత్రం ముందుకు వస్తాడు! ఇంతకన్నా ఇల్లు పట్టిన మగవాణ్ణి మీ ఊళ్ళో చూపించండి!

భార్య నీలమ్మ మాత్రం మొదట్లో ఈ మహిమను గుర్తించలేదు.

"గింత దూరం నడిచి పోరాదా?" అంది.

"నడిచేదుంటే కారెందుకు కొన్నం?"

"నేనడిగేది గదే."

"పోనీ, గిర్నీ ముందర పెట్టరాదా? అక్కడ బోలెడు జాగా ఉన్నది," అంది మళ్ళీ నీలమ్మే.

"కారు ఇంటి ముందర ఉంటెనే ఇంటోళ్ళ కారు. గిర్నీ ముందర పెడితే గిరాకోళ్ళదో, బేరానికొచ్చినోళ్ళదో అనుకుంటరు."

ఇందులో కాదనడానికి ఏముంది? గల్లీలో ప్రతి ఇంటి పెద్దా ఇదే సిద్ధాంతం మీద బతుకుతున్నాడు. ఒకరు కారు ఇంట్లోకి ఎక్కడానికి సిమెంటు ర్యాంపు పోసి గల్లీలోకి రెండడుగులు దించారు. ఎదురింటాయనకు రోషం రాదా? ఆయన మూడడుగులు దించాడు. నాగరాజ్ అనే యువకుడు, ఎలక్ట్రికల్ సామాన్ల వ్యాపారం, తన కారుకు ఎండ తగలకుండా గల్లీ మీదికే రేకులు దించాడు. గల్లీ కొసన ఒకప్పుడు ఎడ్లబండ్లు తిరుగుడుకు వదిలిన జాగా ఒకటుండేది. జొన్న బస్తాలు దింపి, బండ్లు అక్కడ గుండ్రంగా తిరిగి తలెత్తుకొని బయటికి పోయేవి. ఇప్పుడు ఆ జాగాలో జగదీశ్ కారు ఉంటుంది. ఎడ్లబండ్లు ఎట్లాగూ రావు కదా!

తిరిగే జాగాలో కారు పెడితే మిగతా కార్లు ఎక్కడ తిరుగుతాయి? అవీ వెనక్కే వస్తాయి. అందరికీ సమానమైన పుణ్యం!

ఇంతకుముందు ఆ గల్లీలో ఎవరింట్లో ఎవరున్నారో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు? పొద్దున్నే ఒకరి పేరు ఒకరు పిలుచుకోనిదే తెల్లవారదు. "అన్నా, జర నీ బండి తియ్యి!" "తమ్మీ, నీ అద్దం ముడువు!" "అక్కా, నీ చీరె తీగె మీదికెళ్ళి తియ్యి, దారి కనిపిస్తలేదు!" అన్నదమ్ములు కూడా ఇంత ప్రేమగా పలకరించుకోవడం మానేసిన రోజులివి. ఇది రివర్స్ గేరు చలవ కాదంటారా?

చదువు కూడా పెరిగింది. జగదీశ్ కూతురు పూజిత పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదువుతోంది. రొట్టె ముందు కూర్చుంటే చాలు, తుంపుకొక కారు కబురు.

"బాపూ, మొట్టమొదట పేటెంటు తీసుకున్న పెట్రోలు కారుకు ఎన్ని చక్రాలో చెప్పు?"

"నాలుగు. కారన్నంక నాలుగే ఉంటయి."

"మూడు!"

"మూడైతే అది ఆటో, బిడ్డా. గా లెక్కన మన ఝరాసంగం షేరాటో వాళ్ళందరు కారు ఓనర్లే."

"ఇంకోటి విను. దానికి రివర్స్ గేరే లేకుండె!"

జగదీశ్ చేతిలో రొట్టె ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "గట్లెందుకు? మరి ఆయన గల్లీలకు పోతే బయటికెట్ల వచ్చిండు?"

"వాళ్ళకు గల్లీ లేదేమో బాపూ."

"గల్లీ ఉండే ఉంటది," అంది నీలమ్మ పొయ్యి దగ్గర నుంచి. "తిరిగే జాగా గూడ ఉండి ఉంటది."

తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఆ మాట విననట్టే పచ్చడి వడ్డించుకున్నారు.

మరోనాడు పూజిత చెప్పిన కబురు నీలమ్మకు బాగా నచ్చింది. ఆ మూడు చక్రాల కారు తయారుచేసింది జర్మనీ ఆయన. బండిని జనం నమ్మడం లేదని ఆయన దిగులు. ఒకరోజు ఆయన భార్య, ఆయనకు చెప్పకుండానే ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని పుట్టింటికి బయలుదేరింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. పైపులో చెత్త అడ్డం పడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. అమ్మగారింటికి చేరనే చేరింది!

"మొగడేమన్నడు?" అంది నీలమ్మ.

"ఏమంటడమ్మా? ఆమె గట్ల పోయొచ్చినంకనే కారు సంగతి లోకానికి తెలిసింది."

"సూస్తివా! ఆడిది బయటికి తీస్తెనే దానికి విలువొచ్చింది. మనింట్ల తాళంచెవి ఎవరి జేబుల ఉంటదో?"

జగదీశ్ చెయ్యి దానంతట అదే జేబు మీదికి పోయింది. తాళంచెవి భద్రంగానే ఉంది.

పూజిత చెప్పగా తేలినదేమంటే, గిర్నీ గల్లీ చరిత్రలో ఎక్కడా వెనకబడలేదు. ఇంగ్లండులో వెనకటి రోజుల్లో ఇంజన్ బండి రోడ్డు మీదికి వస్తే, దాని ముందర ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలని చట్టం ఉండేదట. ఆ చట్టం అక్కడ ఎప్పుడో పోయింది. మన గల్లీలో ఇంకా అమల్లో ఉంది! జెండాకు బదులు ఎర్ర తువ్వాల. ముందర కాకుండా వెనక. ఆ మనిషి పేరు రేవణసిద్ధప్ప.

అదే ఇంగ్లండులో గంటకు పదమూడు కిలోమీటర్ల వేగంతో పోయినందుకు ఒకాయనకు జరిమానా వేశారట. పోలీసు సైకిలు మీద తరిమి పట్టుకున్నాడట! గిర్నీ గల్లీలో ఆ భయం లేదు. ఇక్కడ పోలీసు కుర్చీ వేసుకొని కూర్చున్నా కారు దొరికిపోతుంది.

ఇంకొక వింత. కార్లకు వెనక చూసే అద్దం లేని కాలంలో, కారు నడిపే ఒక దొరసాని తోటి ఆడవాళ్ళకు ఒక సలహా ఇచ్చిందట: చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి, మధ్య మధ్య ఎత్తి వెనక ఏం వస్తుందో చూసుకోండి అని. వేగం దానంతట అదే నిలకడగా ఉండే ఏర్పాటును కనిపెట్టిన ఇంజనీరుకైతే కళ్ళే లేవట! కళ్ళు లేని ఆయనకు అంత ముందుచూపు. మనకు కళ్ళు రెండుండి, అద్దాలు మూడుండి, వెనక కెమెరా ఒకటుండి, గల్లీలో వెనక ఏముందో ఇంకొకరు చెబితే గాని తెలియదు!

అందుకే రేవణసిద్ధప్ప అవసరం వచ్చింది. ఆయన ఇల్లు జగదీశ్ ఇంటికి పక్కదే. పూర్వీకులది బీదరు వైపు. కందులు, పెసర్ల వ్యాపారం కొడుకులకు అప్పజెప్పాడు. చేతిలో పని లేదు, ఇంట్లో కారు లేదు. అటువంటి మనిషి ఊరికి ఎంత ఉపకారమో చూడండి! పొద్దున్నే ఎర్ర తువ్వాల భుజాన వేసుకొని వచ్చి ఎవరి కారు కదిలితే దాని వెనక నిలబడతాడు.

జగదీశ్ మొదటిసారి కారు బయటికి తీసిన రోజున సిద్ధప్ప వెనక నిలబడి, తువ్వాల ఊపుతూ గొంతెత్తి పిలిచాడు.

"బర్రి! బర్రి!"

జగదీశ్ బ్రేకు తొక్కాడు. కిందికి దిగి వెనక చూశాడు. ఏమీ లేదు.

"ఏది కాకా, బర్రె?"

"ఏం బర్రె?"

"బర్రె బర్రె అంటివి గద?"

సిద్ధప్ప ముఖం ఎర్రబడింది. "ఏయ్ జగదీశా! బర్రి అంటె మా కన్నడల రండి అని. నీకు మర్యాద ఇచ్చి పిలుస్తుంటె నీకు బర్రెలెక్క వినబడ్తదా?"

"గట్లెందుకు కాకా? రా అంటె సరిపోదా?"

"కారున్న మనిషిని రా అంటె బాగుంటదారా?"

చూశారా, రివర్స్ గేరు మనిషికి మర్యాద కూడా తెచ్చిపెడుతుంది! ఆ రోజు నుంచి జగదీశ్ చెవికి పాఠం అబ్బింది. ఆ మాట వినబడితే ఆగకూడదు, వెనక్కి రావాలి. పది రోజుల్లో ఎంత అలవాటయిందంటే, వెనక చూడటం కూడా మానేశాడు. సిద్ధప్ప ఉన్నాడు కదా!

అప్పుడొక రోజున నిజంగానే బర్రె వచ్చింది.

పాల నర్సప్ప బర్రె. గల్లీలోకి తోలిందెవరో తెలియదు, సరిగ్గా కారు వెనక వచ్చి నిలబడి నెమరు వేస్తోంది. సిద్ధప్ప దాన్ని చూశాడు. భయంలో మనిషికి ఏ భాష వస్తుంది? ఎదుటివాడికి తెలిసేదే రావాలి కదా అని పాపం ఆయన పక్కా తెలుగులో అరిచాడు.

"బర్రె! బర్రె!"

జగదీశ్ ఎంతో వినయంగా వెనక్కి వచ్చాడు.

బర్రెకు ఏమీ కాలేదు. అది తోకతో ఒకసారి విసిరి పక్కకు జరిగింది. కారుకే వెనక సొట్ట పడింది. నర్సప్ప పరిగెత్తుకొచ్చి బర్రెను నిమిరి, కారును చూసి నాలుక కరుచుకున్నాడు.

"సేటూ, నీ బండి రేకు గింత మెత్తగుందేంది? మా బర్రె ఒట్టిగ ఆనింది అంతె."

ఇంత వేడుక ఏ సినిమా టిక్కెట్టుకు దొరుకుతుంది చెప్పండి?

అయితే ఇంతటి రివర్స్ గేరుకు కూడా ఒక పరీక్ష వచ్చింది. శ్రావణంలో.

పేట గుడి స్వామి పల్లకి శ్రావణం ఆఖరి సోమవారం ఊరేగుతుంది. గిర్నీ గల్లీలోకి వచ్చి, ఇంటింటి గడప ముందర ఆగి, హారతి అందుకొని, కొసన తిరిగి బయటికి పోతుంది. ఆ పల్లకికి ఒక నియమం ఉంది. వెనకడుగు వేయకూడదు. ఎంత ఇరుకైనా తిరిగే పోవాలి.

పోయిన శ్రావణంలో నీలమ్మ మోకాలి ఆపరేషనయి దవాఖానాలో పడుకొని ఉంది. ఆ సోమవారం మంచం మీదే చేతులు జోడించి మొక్కుకుంది. "సామీ, నా కాళ్ళ మీద నేను నిలబడితే, వచ్చే యేడు నిన్ను మోసేటోళ్ళ కాళ్ళు మా గడప ముందర నా చేతులతోని కడుగుత."

ఇప్పుడామె నిలబడింది. నడుస్తోంది. ఇత్తడి బిందె వారం ముందే చింతపండుతో తోమి పెట్టింది. అద్దంలా మెరుస్తోంది.

"ఆ రోజు కారు తీసి గిర్నీ ముందర పెట్టు," అని భర్తకు మూడు పూటలా చెప్పింది. జగదీశ్ తల ఊపాడు. తీయకూడదని ఆయనకు మాత్రం ఉందా? దేవుడి పని!

కాని గల్లీలో అన్నిటికన్నా లోపల ఉన్నది ఆయన కారే. మూతి వైపు ఉన్నవాళ్ళు తీస్తే గదా ఆయన కారు కదిలేది? గుడి వాళ్ళు మధ్యాహ్నానికల్లా బండ్లు తీయమన్నారు. ఒక్కొక్కరే తీశారు. ఆఖరికి నాగరాజ్ కారు మిగిలింది. నాగరాజ్ బకెట్టు, బట్ట పట్టుకొని కారు కడుగుతున్నాడు.

"తమ్మీ, పల్లకి వస్తుందిరా, జర జల్దీ."

"అన్నా, దేవుడొచ్చే రోజు మురికి బండి రోడ్డు మీద పెడితే మన గల్లీ ఇజ్జత్ ఏముంటది? రెండు నిమిషాలు."

ఇదీ భక్తే కదా, తప్పు పట్టగలమా? నాగరాజ్ చక్రాలు కూడా తుడిచి, అగరుబత్తి వెలిగించి, కారు తీసుకొని పోయేసరికి డప్పులు రోడ్డు మీదికి వచ్చేశాయి.

జగదీశ్ గబగబా కారెక్కి రివర్స్ వేశాడు. వెనక సిద్ధప్ప పట్టుపంచెలో, ఎర్ర తువ్వాలతో సిద్ధంగా ఉన్నాడు. కారు సగం గల్లీ దాటింది. అంతలో డప్పుల మోత గల్లీ మూతిలోకి వచ్చింది. సిద్ధప్ప గిరుక్కున అటు తిరిగాడు. పూలదండల మధ్య స్వామి! ఆయనకు ఒళ్ళు పులకరించింది. తువ్వాల నడుముకు చుట్టి, రెండు చేతులూ ఎత్తి గొంతు చించుకొని పిలిచాడు.

"బర్రి! బర్రి!"

జగదీశ్ విన్నాడు. చెవికి అబ్బిన పాఠం కాలికి చేరింది. వెనక్కి వచ్చాడు.

వెనక కెమెరా చూపించే తెర మీద మొదట ఎవరివో పాదాలు కనిపించాయి. తర్వాత బంతిపూలు. తర్వాత పల్లకి కొమ్ము. దాని మీద అడ్డంగా ఎర్ర గీత! కారు కీచుమని మొత్తుకుంది. దాని భాషలో అర్థం ఒకటే: వెనక అడ్డం ఉంది.

"ఆపు! ఆపు! ఏ సేటూ, సామినే గుద్దుతవా?"

అరిచింది నర్సప్ప. పాల నర్సప్పే ఆ రోజు పల్లకి మోసేవాళ్ళలో ముందువాడు. జగదీశ్ బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"కాకా! బర్రి అంటివి గద!"

"నీకు గాదురా! సామికి!"

"సామికి, నాకు ఒకటే మాటైతె ఎట్ల తెలుస్తది కాకా?"

"మర్యాదకు రెండు మాటలుంటయారా?"

జనం నవ్వారు. నర్సప్ప నవ్వలేదు. భుజం మీద బరువు ఉన్నవాడు నవ్వలేడు.

"సేటూ, బండి బయటికి తియ్యి."

"మీరు జర వెనక్కి జరిగితే తీస్త."

"పల్లకి వెనకడుగు వెయ్యద్దని తెల్వదా?"

"అయితె నేను ముందలికి పోత. మీరు నా ఎనకనే రండి."

"ముందలికి పోయి యాడ పెడ్తవు?"

ఎక్కడ పెడతాడో అందరికీ తెలుసు. ఆ తిరిగే జాగాలోనే.

"ఆడ నీ కారు తిరగాల్నా, సామి తిరగాల్నా?" అన్నాడు నర్సప్ప. కోపంతో కాదు, మామూలుగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

జగదీశ్ స్టీరింగు పట్టుకొని కూర్చున్నాడు. ముందు అద్దంలోంచి చూస్తే గల్లీ కొసన గడపలో బిందె చంకన పెట్టుకొని నీలమ్మ. తెర మీద చూస్తే దేవుడు. ఇద్దరి నడుమ ఆయన కారు. గట్లెందుకు అని ఈసారి ఎవరిని అడగాలో తెలియలేదు.

వేరే దారి లేదు కాబట్టి ముందుకే పోనిచ్చాడు. ఇంగ్లండులో కారు ముందర ఎర్రజెండా మనిషి నడిచాడని కదా విన్నాం. గిర్నీ గల్లీలో కారు ముందు నడిచింది, దాని వెనక దేవుడు నడిచాడు! ఈ వైభవం ఏ దేశ చరిత్రలోనైనా ఉంటే చూపించండి.

కారు తన జాగాలో తాను ఆగింది. పల్లకి సిద్ధప్ప గడప దగ్గర ఆగిపోయింది. నీలమ్మ గడపకు, పల్లకికి నడుమ కారు ఉంది. జనం రెండు వైపులా కిక్కిరిశారు. జగదీశ్ దిగుదామంటే ఇటు తలుపుకు గోడ, అటు తలుపుకు జనం. తలుపు తెరుచుకోలేదు.

నీలమ్మ ఒక్క క్షణం చూసింది. బిందె ఎత్తుకొని కారుకు, గోడకు నడుమ ఉన్న సందులోకి పక్కకు తిరిగి దూరింది. మోకాలు బంపరుకు తగిలింది. నీళ్ళు తొణికాయి. పూజిత బిందె పట్టుకోబోతే వద్దని తల ఊపింది. సిద్ధప్ప గడప ముందర వంగి కూర్చొని, నర్సప్ప కాళ్ళ మీద నీళ్ళు పోసింది. మట్టి కడిగింది. పసుపు రాసింది. నలుగురి కాళ్ళూ కడిగింది.

"మా గడప దాక రాకపాయె సామీ. మొక్కు తీరినట్టేనా?" అని అడిగింది. పల్లకిని అడిగిందో, నర్సప్పను అడిగిందో.

కారు ఆగగానే చెయ్యి అలవాటుగా మళ్ళీ రివర్స్ గేరు వేసింది కాబట్టి, ఇదంతా జగదీశ్ కారులో కూర్చొని, తెర మీద, ఎర్ర గీత కింద చూశాడు. కారు మాత్రం విసుగు లేకుండా మొత్తుకుంటూనే ఉంది. దాని దృష్టిలో నీలమ్మ కూడా అడ్డమే.

ఇక పల్లకి తిరగాలి. జాగా లేదు. నర్సప్ప అటు చూశాడు, ఇటు చూశాడు.

"సామిని తిప్పలేము. మనమే తిరుగుదం," అన్నాడు.

ఒక్కొక్కరే కొమ్ము కింద తల వంచి, ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకొని, ముఖం రోడ్డు వైపు పెట్టారు. వాళ్ళు వేసేది ముందడుగే. నియమం నిలబడింది. కాని పల్లకిలో స్వామి ముఖం మాత్రం గల్లీ కొస వైపే ఉండిపోయింది.

"బాపూ," అంది పూజిత కారు అద్దం దగ్గరికి వంగి, "సామి రివర్సుల పోతున్నడు."

నీలమ్మ ఖాళీ బిందెతో నిలబడి చూస్తోంది. ప్రతి ఏడూ వీపు చూపించి పోయే దేవుడు, ఈసారి గల్లీ మూతి దాటేదాకా ఆమెనే చూస్తూ పోయాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

గల్లీ పెద్దలు అప్పటికప్పుడే తేల్చేశారు. ఇది మామూలు సంగతి కాదు! మన గల్లీ మీద స్వామికి ఎంత ప్రేమ ఉంటే వీపు చూపకుండా పోతాడు? వచ్చే ఏడు నుంచి ఇట్లాగే పంపుదాం, ఇదే మన ఆనవాయితీ అన్నారు. తిరిగే జాగా గురించి ఎవరూ ఎత్తలేదు. దేవుడే సర్దుకున్నాక ఇక మనిషి సర్దుకోవలసింది ఏముంటుంది?

జగదీశ్ ఆ మాటలకు తల ఊపలేదు. మరునాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా కారు తీసుకుపోయి గిర్నీ ముందర పెట్టాడు. తాళంచెవి ఇంటికి తెచ్చి గూట్లో నీలమ్మ కుంకుమ భరిణె పక్కన పెట్టాడు. ఆ రోజు ఆయన పనికి నడిచి పోయాడు, ముఖం ముందుకు పెట్టుకొని. ఎన్ని నెలలైందో!

తిరిగే జాగా ఖాళీగా వెడల్పుగా కనిపించింది. నీలమ్మ ఊడ్చి, నీళ్ళు చల్లి, నడుమ పెద్ద ముగ్గు వేసింది.

మధ్యాహ్నం జగదీశ్ అన్నానికి ఇంటికి వచ్చేసరికి ముగ్గు లేదు. ముగ్గు మీద మెరిసిపోతున్న కొత్త కారు ఉంది. పక్కన నాగరాజ్ బంపరుకు ఎండుమిరపకాయలు కడుతున్నాడు.

"గిదేందిరా తమ్మీ?"

"కొత్తది అన్నా! పాతది ఇంటి ముందర సరిపోయింది, దీన్ని యాడ పెట్టాల్నో అని ఫికరు పడుతుంటి. పొద్దున సూస్తె గీ జాగా ఖాలీ! నిన్ననే సామి గల్లీల తిరిగె, తెల్లారెసరికి జాగా దొరికె. దేవుడిచ్చిన జాగా అన్నా ఇది!"

నీలమ్మ గడప దిగి వచ్చింది.

"ఇచ్చిండు సరే నాగరాజ్. ఎందుకిచ్చిండో అడిగినవా?"

నాగరాజ్ ఆమె వైపు చూసి నవ్వాడు. చేతిలో తాళంచెవి నొక్కాడు.

జవాబుగా కారే రెండుసార్లు కన్ను గీటింది.